నెట్‌వర్క్ సర్వీసులకు కాపలా: ఏ టూల్, ఏ పనికి?

యూనిక్స్ తరహా సిస్టమ్‌లో నెట్‌వర్క్ సర్వీసు అంటే ఒక పోర్టు దగ్గర చెవి ఒగ్గి కూర్చుని, బయటి నుంచి ఎవరు పలకరించినా బదులిచ్చే ప్రోగ్రాము. వెబ్ సర్వర్ 80, 443 పోర్టుల దగ్గర, మెయిల్ సర్వర్ 25 దగ్గర, ఎస్‌ఎస్‌హెచ్ 22 దగ్గర ఉంటాయి. పలకరించినవాడు మంచివాడో దొంగో ఆ ప్రోగ్రాముకు ముందుగా తెలియదు. వచ్చిన ప్రతి బైటునూ చదివి అర్థం చేసుకోవాల్సిందే. చదివే తీరులో ఒక్క లోపం ఉన్నా, అది తెలిసినవాడు ఆ ప్రోగ్రాము చేతే తన పని చేయించుకుంటాడు. అది రూట్ అధికారంతో నడుస్తుంటే యంత్రం మొత్తం అతని వశమవుతుంది.

దీన్ని అడ్డుకోవడానికి దొరికే టూల్స్‌కు లెక్కలేదు. కొత్తగా సర్వర్ బాధ్యత తీసుకున్నవారు సాధారణంగా పేరు విన్న ప్రతిదాన్నీ ఇన్‌స్టాల్ చేస్తారు. దాంతో కాపలా పెరగదు, చూసుకోవాల్సిన ప్రోగ్రాములు పెరుగుతాయి. ప్రతి టూల్ ఏదో ఒక నిర్దిష్టమైన ప్రమాదానికి విరుగుడు. కాబట్టి ముందు ప్రమాదాన్ని గుర్తించాలి, తర్వాత దానికి తగిన టూల్‌ను ఎంచుకోవాలి. పూర్తిగా అర్థమైన కొద్దిపాటి టూల్స్‌ను సరైన వరుసలో పెట్టుకుంటే చిన్న సర్వర్‌కూ పెద్ద సర్వర్‌కూ పునాది కుదిరినట్టే.

ప్రమాదాలు ఎన్ని రకాలు?

1988 నవంబరు 2న ఇంటర్నెట్‌లోకి వదిలిన మోరిస్ వార్మ్‌ను పరిశీలిస్తే ఈ రకాలన్నీ ఒక్కచోటే కనిపిస్తాయి. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ రాసిన ఆ ప్రోగ్రాము బీఎస్‌డీ యూనిక్స్ నడుస్తున్న వేల యంత్రాలను స్తంభింపజేసింది. అది లోపలికి పోయిన దారులు ముఖ్యంగా నాలుగు.

మొదటిది ఫింగర్ సర్వీసు. యూజర్ల వివరాలు, ఎవరు లాగిన్ అయి ఉన్నారో చెప్పడం తప్ప దానికి వేరే పని లేదు. 512 బైట్లకు కేటాయించిన చోటులో ఎంత పొడవు వాక్యం వచ్చినా నింపేసుకునే లోపం అందులో ఉంది. వార్మ్ 536 బైట్లు పంపి ఆ హద్దు దాటింది. రెండోది సెండ్‌మెయిల్. పరీక్షల కోసం పెట్టిన డీబగ్ సదుపాయం చాలా యంత్రాల్లో తెరిచే ఉంది. మూడోది ఆర్‌ఎస్‌హెచ్. ఫలానా యంత్రం నుంచి వచ్చావు కాబట్టి పాస్‌వర్డ్ అక్కర్లేదని నమ్మే పద్ధతి దానిది. నాలుగోది బలహీనమైన పాస్‌వర్డ్. యూజర్ పేరునే అటూ ఇటూ తిప్పి చూసి, వెంట తెచ్చుకున్న నాలుగు వందల పైచిలుకు మాటల జాబితాను కూడా ప్రయత్నించి వార్మ్ దాన్ని ఊహించగలిగింది.

అవసరం లేని సర్వీసు, వదిలేసిన సెట్టింగు, గుడ్డి నమ్మకం, తేలికైన పాస్‌వర్డ్: పేర్లు మారినా నేటి సర్వర్లు దొరికిపోయేది ఎక్కువగా ఈ దారుల్లోనే. ఈ ఘటన తర్వాతే అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సెర్ట్ సమన్వయ కేంద్రం ఏర్పడింది. టూల్స్ ఎంపిక కూడా ఈ దారుల వరుసనే సాగాలి.

మొదటి టూల్: జాబితా

ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో తెలియకుండా వేటినీ మూయలేరు. లినక్స్‌లో ‘ఎస్‌ఎస్’ కమాండుకు టి, యు, ఎల్, ఎన్, పి ఆప్షన్లు కలిపి రూట్‌గా నడిపితే, వింటున్న ప్రతి టీసీపీ, యూడీపీ పోర్టూ, దాని వెనక ఉన్న ప్రోగ్రామూ వరుసగా కనిపిస్తాయి. ఫ్రీబీఎస్‌డీలో ఆ పనికి ‘సాక్‌స్టాట్’ ఉంది. ఇవి సిస్టమ్‌తోపాటే వస్తాయి.

ఆ జాబితాలో చూడాల్సింది పోర్టు నంబరు పక్కనున్న చిరునామా. ఒక మామూలు సర్వర్‌లో నాలుగు వరుసలు ఉన్నాయనుకుందాం. 0.0.0.0 చిరునామా మీద 22వ పోర్టు ఎస్‌ఎస్‌హెచ్‌ది. అదే చిరునామా మీద 80 వెబ్ సర్వర్‌ది, 3306 మైఎస్‌క్యూఎల్‌ది. 127.0.0.1 మీద 631 ప్రింటింగ్ సర్వీసుది. 0.0.0.0 అంటే యంత్రానికి ఉన్న అన్ని నెట్‌వర్క్‌ల నుంచీ వచ్చేవారికి బదులిస్తుందని. 127.0.0.1 అంటే అదే యంత్రంలోని ప్రోగ్రాములకు మాత్రమే. ఈ నాలుగింటిలో వెంటనే పట్టించుకోవాల్సింది మైఎస్‌క్యూఎల్ వరుస. దానితో మాట్లాడేది అదే యంత్రంలో ఉన్న వెబ్ అప్లికేషన్ ఒక్కటే. అయినా లోకమంతటికీ వినిపించేలా కూర్చుంది. దాని కాన్ఫిగరేషన్‌లోని బైండ్ అడ్రస్‌ను 127.0.0.1గా మార్చి, సర్వీసును తిరిగి మొదలుపెడితే సరిపోతుంది. కొత్త టూల్ ఏదీ అక్కర్లేదు. 2017 జనవరిలో పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన మాంగోడీబీ డేటాబేసులను దుండగులు వేల సంఖ్యలో తుడిచిపెట్టి, డబ్బు ఇస్తే తిరిగి ఇస్తామని సందేశం వదిలారు. ఈ ఒక్క సెట్టింగు సరిచూసుకుని ఉంటే ఆ డేటాబేసులు వారి కంటపడేవే కావు.

ప్రింటర్ లేని సర్వర్‌లో ప్రింటింగ్ సర్వీసు కూడా దండగే. సర్వీసును ఆపడం, తదుపరి బూటులో లేవకుండా డిసేబుల్ చేయడం రెండు వేరు పనులు. సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీ ఉన్నచోట ఇంకో మెలిక ఉంది. సర్వీసు ఆగినా దాని సాకెట్ యూనిట్ వింటూనే ఉండి, ఎవరైనా పలకరించగానే సర్వీసును తిరిగి లేపవచ్చు. అందుకని సాకెట్ యూనిట్‌ను కూడా ఆపాలి. అసలు పనికిరానిదైతే ప్యాకేజీనే తీసేయడం ఉత్తమం.

రెండోది: ఫైర్‌వాల్

అనవసరమైనవి పోగా మిగిలిన సర్వీసులకు ఎవరెవరు చేరవచ్చో నిర్ణయించేది ఫైర్‌వాల్. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో వీత్సె వెనెమా 1990లో రాసిన టీసీపీ రాపర్స్ ఈ పనిని చాలా కాలం చేసింది. దాని హోస్ట్స్ అలౌ, హోస్ట్స్ డినై ఫైళ్ళ గురించి పాత పుస్తకాలు ఇప్పటికీ చెబుతాయి. అయితే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 2014లో వచ్చిన 6.7 వెర్షన్ నుంచి దానికి మద్దతు తీసేసింది. కొన్ని డిస్ట్రిబ్యూషన్లు సొంతంగా కలిపి ఉంచాయి, మిగతావి ఉంచలేదు. డినై ఫైలు రాసుకుని, దాన్ని ఏ ప్రోగ్రామూ చదవని స్థితిలో ధీమాగా ఉండటం ప్రమాదకరం. కొత్త ఏర్పాటుకు దాన్ని ఎంచుకోకూడదు.

నేడు లినక్స్ కెర్నెల్‌లోని నెట్‌ఫిల్టరే అసలు ఫైర్‌వాల్. 2001లో 2.4 కెర్నెల్‌తో వచ్చిన ఐపీటేబుల్స్, 2014లో 3.13తో వచ్చిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్ దానికి ఆజ్ఞలిచ్చే పద్ధతులు. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ, రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఫైర్‌వాల్‌డీ వాటి మీద తేలికపాటి ముసుగులు. ఓపెన్‌బీఎస్‌డీలో పుట్టిన పీఎఫ్ ఫ్రీబీఎస్‌డీలోనూ దొరుకుతుంది. దాని నియమాలు చదవడానికి తేలిక. ఎంపికకు సూత్రం ఒక్కటే: సిస్టమ్‌తో వచ్చినదాన్ని తీసుకోవాలి, ఒక్కదాన్నే తీసుకోవాలి. రెండు టూల్స్ ఒకే నియమాల పట్టికను మారుస్తుంటే ఏది చెల్లుతుందో ఎవరూ చెప్పలేరు.

నియమాల వరుస ఎక్కడైనా దాదాపు ఇదే. లోపలికి వచ్చేదాన్ని డిఫాల్ట్‌గా తిరస్కరించాలి. యంత్రం తనతో తాను మాట్లాడుకునే లూప్‌బ్యాక్‌ను అనుమతించాలి. అప్పటికే మొదలైన సంభాషణల జవాబులను రానివ్వాలి. అవసరమైన ఐసీఎంపీ సందేశాలను వదలాలి. ఆపైన ఎస్‌ఎస్‌హెచ్, 80, 443లను తెరవాలి. ఐపీవీ6కు కూడా ఇవే నియమాలు రాయాలి. ఐపీవీ4కు మాత్రమే రాసి ఊరుకోవడం వీధి తలుపుకు మూడు తాళాలు వేసి దొడ్డి తలుపు తీసిపెట్టడమే. అయితే ఐపీవీ6లో ఐసీఎంపీని పూర్తిగా మూస్తే పక్క యంత్రాన్ని కనుక్కోవడమే ఆగిపోతుంది కాబట్టి దాన్ని జాగ్రత్తగా వదలాలి.

డాకర్ వాడేచోట మరో జాగ్రత్త కావాలి. కంటెయినర్ పోర్టును బయటికి ప్రకటిస్తే డాకర్ తన నియమాలను నేరుగా నెట్‌ఫిల్టర్‌లో రాస్తుంది. యూఎఫ్‌డబ్ల్యూ మూసి ఉందని చూపించినా ఆ పోర్టు బయటికి తెరిచే ఉంటుంది. అలాంటి పోర్టును ప్రకటించేటప్పుడే 127.0.0.1కు కట్టేయాలి.

దూరంగా ఉన్న సర్వర్‌లో ఫైర్‌వాల్ మార్చేటప్పుడు ఉన్న లాగిన్‌ను మూయకుండా, కొత్త టెర్మినల్‌లో మరోసారి లాగిన్ అయి చూడాలి. నిర్ణీత సమయంలో నిర్ధారించకపోతే పాత నియమాలను తిరిగి తెచ్చే ‘ఐపీటేబుల్స్ అప్లై’ వంటివి ఉన్నచోట వాడుకోవాలి. యంత్రాన్ని రీబూట్ చేసి నియమాలు నిలిచాయో లేదో చూస్తే గానీ పని పూర్తయినట్టు కాదు.

మూడోది: గుర్తింపు, ఎన్‌క్రిప్షన్

తెరిచి ఉంచిన పోర్టు దగ్గర ఎవరు వచ్చారో తేల్చేది ఈ దశ. టెల్నెట్, ఆర్‌లాగిన్, పాత ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు వైరు మీద పంపేవి. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు దొంగిలించిన ఘటన తర్వాత తతు యులోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ రాశారు. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం దాని స్వేచ్ఛా రూపమైన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను తెచ్చింది. దూరం నుంచి యంత్రాన్ని నిర్వహించడానికి ఇంతకు మించి వెతకనక్కర్లేదు.

శ్రద్ధ పెట్టాల్సింది దాని సెట్టింగుల మీద. ఈడీ25519 తాళంచెవిని తయారుచేసుకుని, దానితో లాగిన్ అవుతోందని నిర్ధారించుకున్నాక పాస్‌వర్డ్ లాగిన్‌ను, రూట్ లాగిన్‌ను ఆపాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగరేషన్‌లో ఒకే సెట్టింగు రెండుసార్లు కనిపిస్తే మొదటిదే చెల్లుతుంది. ఉబుంటు, డెబియన్‌లలో ప్రధాన ఫైలు పైభాగంలోనే వేరే డైరెక్టరీలోని చిన్న ఫైళ్ళను కలుపుకునే వరుస ఉంటుంది. అక్కడ క్లౌడ్ సంస్థ పెట్టిన ఫైలు పాస్‌వర్డ్‌ను అనుమతిస్తే, కింద ప్రధాన ఫైలులో ‘నో’ అని రాసినా ఫలితం ఉండదు. కీబోర్డ్ ఇంటరాక్టివ్ పద్ధతిని ఆపకపోతే ఆ దారిలోనూ పాస్‌వర్డ్ అడగవచ్చు. అందుకే ఫైలును చదివి నమ్మకుండా, ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ’ని పెద్దక్షరం టి ఆప్షన్‌తో నడిపి నిజంగా అమల్లో ఉన్న విలువలను చూడాలి.

ఫెయిల్‌2బ్యాన్ లాగ్‌లను చదువుతూ, పదేపదే తప్పు పాస్‌వర్డ్ ఇచ్చే చిరునామాలను కొంతసేపు నిషేధిస్తుంది. పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసిన ఎస్‌ఎస్‌హెచ్‌కు దాని వల్ల ఒరిగేది లాగ్‌లలో రొద తగ్గడమే. మెయిల్ వంటి పాస్‌వర్డ్ తప్పనిసరి సర్వీసులు ఉన్నచోట మాత్రం అది నిజంగా ఉపయోగపడుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌ను 22 నుంచి వేరే పోర్టుకు మార్చడం కూడా రొద తగ్గించేదే. దాన్ని రక్షణగా లెక్కించకూడదు.

నిర్వాహకులు మాత్రమే వాడే సర్వీసులు, అంటే డేటాబేసు పేజీలు, మానిటరింగ్ తెరలు వంటివి, ఇంటర్నెట్‌కు కనిపించనక్కర్లేదు. వాటికి వైర్‌గార్డ్ తగినది. జేసన్ డోనెన్‌ఫెల్డ్ రాసిన ఈ వీపీఎన్ 2020లో 5.6 లినక్స్ కెర్నెల్‌లో చేరింది. నాలుగు వేల వరుసల స్థాయి కోడ్ కావడంతో ఒక మనిషి కూర్చుని చదవగలడు. తెలియని తాళంచెవితో వచ్చినవారికి అది అసలు బదులే ఇవ్వదు.

ప్రజలు వాడే వెబ్, మెయిల్ సర్వీసులకు టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. 1.0, 1.1 వెర్షన్లకు 2021లో కాలం చెల్లింది. 1.2, 1.3లను మాత్రమే ఉంచాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లకు గడువు తక్కువ. కాబట్టి సర్ట్‌బాట్ వంటి టూల్‌తో రెన్యువల్‌ను యంత్రానికే అప్పగించాలి. సర్టిఫికెట్ ఫైలు మారాక సర్వీసు దాన్ని తిరిగి చదివేలా రీలోడ్ ఆజ్ఞను కూడా అందులోనే చేర్చాలి.

నాలుగోది: లోపలి హద్దులు

443 తెరిచి ఉన్నంతకాలం ఆ పోర్టులోంచి వచ్చే దాడిని ఫైర్‌వాల్ ఆపదు. సర్వీసు ఓడిపోయినా నష్టం దాని గడప దాటకుండా చూసేవి ఈ దశ టూల్స్. ప్రతి ప్రోగ్రాముకూ దాని పనికి కావలసినంత అధికారమే ఉండాలని సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే సూత్రీకరించారు. టీసీపీ రాపర్స్ రాసిన వెనెమాయే తర్వాత రాసిన పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్ దీనికి మంచి నమూనా. ఒక్క పెద్ద ప్రోగ్రాముకు సర్వాధికారాలు ఇవ్వకుండా, పనిని చిన్న చిన్న ప్రోగ్రాములకు పంచి, ఒక్కోదానికి కొంచెమే అధికారం ఇస్తుంది. సర్వీసు ప్రోగ్రామును ఎంచుకునేటప్పుడే ఇలాంటి నిర్మాణం ఉన్నదాన్ని ఎంచుకుంటే సగం పని అయినట్టే.

ప్రతి సర్వీసునూ దాని సొంత యూజర్ కింద నడపాలి. 1024 కన్నా తక్కువ నంబరు పోర్టు కావాలన్న ఒక్క కారణంతో రూట్ ఇవ్వనక్కర్లేదు. లినక్స్‌లో ఆ ఒక్క సామర్థ్యాన్నే విడిగా ఇవ్వవచ్చు. సిస్టమ్‌డీ యూనిట్ ఫైలులో కొద్ది వరుసలు చేర్చి, సిస్టమ్ డైరెక్టరీలను చదవడానికే పరిమితం చేయవచ్చు, విడి తాత్కాలిక డైరెక్టరీ ఇవ్వవచ్చు, కొత్త అధికారాలు పొందకుండా ఆపవచ్చు. ‘సిస్టమ్‌డీ అనలైజ్ సెక్యూరిటీ’ అనే కమాండు ప్రతి సర్వీసుకూ 0 నుంచి 10 దాకా మార్కు వేస్తుంది. మార్కు ఎంత తక్కువైతే సర్వీసు అంత కట్టుదిట్టంగా ఉన్నట్టు. ఫ్రీబీఎస్‌డీలో 2000 నుంచి ఉన్న జైల్, ఓపెన్‌బీఎస్‌డీలోని ప్లెడ్జ్ ఈ పనికే పుట్టాయి.

ప్రోగ్రాములకు ఇలాంటి హద్దులు గీసే ఎస్‌ఈలినక్స్, యాప్‌ఆర్మర్‌లలో ఏది మేలన్న చర్చకు ఎక్కువ సమయం ఇవ్వనక్కర్లేదు. రెడ్‌హ్యాట్ కుటుంబంలో మొదటిది, ఉబుంటు, డెబియన్‌లలో రెండోది సిద్ధంగా వస్తాయి. వచ్చినదాన్ని ఆన్‌లో ఉంచడమే ముఖ్యం. వెబ్ సర్వర్ ఒక ఫైలును చదవలేకపోయిందని ఎస్‌ఈలినక్స్‌ను మొత్తం ఆపేయడం చాలాచోట్ల అలవాటుగా మారింది. ఎక్కువసార్లు అసలు కారణం ఆ ఫైలును హోమ్ డైరెక్టరీ నుంచి తరలించినప్పుడు ఎస్‌ఈలినక్స్ ఇచ్చిన పాత లేబుల్ దాని వెంటే రావడం. ‘రిస్టోర్‌కాన్’ కమాండుతో లేబుల్ సరిచేస్తే సమస్య తీరుతుంది.

ఐదోది: అప్‌డేట్లు

2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ లోపం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలోనిది. మామూలు 443 పోర్టులోంచే సర్వర్ జ్ఞాపకంలోని రహస్యాలు బయటికి కారిపోయాయి. దానికి అసలు విరుగుడు సరిచేసిన వెర్షన్ ఒక్కటే. డెబియన్, ఉబుంటులలో అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్, రెడ్‌హ్యాట్ కుటుంబంలో డీఎన్‌ఎఫ్ ఆటోమేటిక్ భద్రతా అప్‌డేట్లను వాటంతట అవే వేస్తాయి. లైబ్రరీ మారినా, అప్పటికే నడుస్తున్న సర్వీసు జ్ఞాపకంలో పాత ప్రతే ఉంటుంది. ఏ సర్వీసులను తిరిగి మొదలుపెట్టాలో ‘నీడ్‌రీస్టార్ట్’ చెబుతుంది.

ఆరోది: లాగ్‌లు, బయటి పరీక్ష

యంత్రంలోకి చొరబడినవాడు మొదట చెరిపేది తన జాడను. అందుకని లాగ్‌ల ప్రతిని వేరే యంత్రానికి పంపాలి. భారతదేశంలో సర్వర్లు నడిపే సంస్థలకు లాగ్‌లను భద్రపరచడం చట్టపరమైన బాధ్యత కూడా. దేశ కంప్యూటర్ అత్యవసర స్పందన సంస్థ సెర్ట్‌ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, నిర్దేశించిన భద్రతా ఘటనలను గమనించిన 6 గంటల్లోగా తెలియజేయాలి, గడియారాలను ఎన్‌టీపీతో సరిచూసుకోవాలి. ఫైళ్ళ మార్పులను పట్టే ఎయిడ్, నెట్‌వర్క్ రాకపోకలను గమనించే సూరికాటా వంటివి మంచి టూల్సే. వాటి హెచ్చరికలను రోజూ చదివే మనిషి ఉంటేనే వాటిని పెట్టుకోవాలి.

చివరగా, కట్టిన కోటను బయటి నుంచి చూడాలి. 1997 నుంచి ఉన్న ఎన్‌మ్యాప్‌ను వేరే నెట్‌వర్క్‌లోని యంత్రం నుంచి నడిపి, 65,535 టీసీపీ పోర్టులనూ ఐపీవీ4, ఐపీవీ6 చిరునామాలు రెండింటి మీదా పరీక్షించాలి. లోపలి జాబితాలో లేనిది బయట కనిపించినా, మూసిందనుకున్నది తెరిచి కనిపించినా, కారణం తేలేదాకా వదలకూడదు. ఈ పరీక్ష సొంత యంత్రాల మీద, లేదా యజమాని అనుమతి ఉన్నవాటి మీద మాత్రమే చేయాలి.

కొత్త టూల్‌కు ఐదు ప్రశ్నలు

ఈ ఆరు దశల తర్వాత కూడా ఇంకేదైనా కావాలనిపిస్తే, ఇన్‌స్టాల్ చేసే ముందు ఐదు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి.

1. ఇది ఏ ప్రమాదాన్ని ఆపుతుంది? ఇప్పటికే ఉన్న టూల్ ఆ పని చేయలేదా?
2. డిస్ట్రిబ్యూషన్‌తో వచ్చి, దానితోపాటే అప్‌డేట్లు అందుకుంటుందా?
3. ఎంత అధికారంతో నడుస్తుంది? వెంట ఏయే లైబ్రరీలను తెస్తుంది?
4. ఇది మధ్యలో ఆగిపోతే తలుపు మూసుకుంటుందా, తెరుచుకుంటుందా?
5. దీని లాగ్‌లు ఎవరు చదువుతారు, దీన్ని ఎవరు సరిచేస్తారు?

మూడో ప్రశ్న ఎంత ముఖ్యమో 2024 మార్చిలో తేలింది. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారని ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టారు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యం కావడం ఆయనకు దొరికిన ఆధారాల్లో ఒకటి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కు ఎక్స్‌జెడ్ లైబ్రరీతో నేరుగా సంబంధమే లేదు. కొన్ని డిస్ట్రిబ్యూషన్లు సిస్టమ్‌డీ కోసం చేసిన చిన్న సవరణ ద్వారా అది ఎస్‌ఎస్‌హెచ్‌లోకి చేరింది. కాపలా కోసం తెచ్చుకునే ప్రతి టూల్‌తోపాటు ఇలాంటి చుట్టాలు కూడా వస్తాయి కాబట్టి వాటి లెక్క ముందే చూసుకోవాలి.

ఒక వెబ్‌సైటు, ఒక డేటాబేసు ఉన్న చిన్న సర్వర్‌కు ఈ లెక్కన సరిపోయేవి ఇవి: పోర్టుల జాబితా, సిస్టమ్‌తో వచ్చిన ఒక ఫైర్‌వాల్, తాళంచెవులతో ఎస్‌ఎస్‌హెచ్, ఆటోమేటిక్ రెన్యువల్ ఉన్న టీఎల్‌ఎస్, ఆన్‌లో ఉంచిన ఎస్‌ఈలినక్స్ లేదా యాప్‌ఆర్మర్, ఆటోమేటిక్ అప్‌డేట్లు, వేరేచోటికి పోయే లాగ్‌లు, అప్పుడప్పుడూ బయటి నుంచి ఒక స్కాన్. కొత్త సర్వీసు చేర్చిన ప్రతిసారీ, ఏ మార్పూ లేకపోయినా నెలకోసారి, జాబితానూ స్కాన్‌నూ పక్కపక్కన పెట్టి సరిచూడాలి. రెండూ కలవని రోజు పని మళ్ళీ మొదటి దశ నుంచి మొదలుపెట్టాలి.